వెంట్రుకంత నాళాలు

జనవరి 11

చిట్టెలుకకి,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని అడుగుతావు, తెలుసు. ఫోనులో నువ్వు ప్రతి మాటకీ అడ్డం పడతావు. కాగితం మీద అయితే నన్ను ఆపేవాళ్ళు ఉండరు.

నిన్న మా డిపో గేటు నా బస్సుని గుద్దింది. నవ్వకు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఆరుసార్లు ఆ గేటులోంచి వెళ్ళొస్తున్నాను. దాని జోలికి నేను పోలేదు, నా జోలికి అది రాలేదు. నిన్న ఎడమవైపు అద్దం ఫెళ్ళున విరిగి కింద పడేదాకా అక్కడో స్తంభం ఉందన్న సంగతే నాకు తెలీలేదు. గేటు దగ్గర కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా, మీరేనా!" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి మాత్రం, "స్తంభాన్ని రాత్రికి రాత్రి లోపలికి జరిపారా ఏంటి?" అని దబాయించాను.

ఇంట్లోనూ అంతే. తలుపులకి భుజాలు కొట్టుకుంటున్నాను. గ్లాసులు రెండు పగిలాయి. మీ మామయ్య, "కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అంటాడు. నెత్తికెక్కితే ఎత్తులోంచి ఇంకా బాగా కనపడాలి కదా అన్నాను. పక్కన నడిచేవాళ్ళు ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు ముందుకొస్తున్నారు. కనుబొమల వెనక ఒకటే నొప్పి. కళ్ళద్దాలు మారిస్తే సరిపోతుందా? నువ్వెలాగూ పొద్దస్తమానం తలకాయలతోనే కాపురం చేస్తున్నావు కదా, చెప్పు.

మీ నాన్నకి చెప్పకు. మా తమ్ముడు కంగారు పడటమే కాదు, నన్నూ పెడతాడు.

మీ అత్త

*

జనవరి 18

అత్తా,

నీ ఉత్తరం మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారి చదువుతుంటే నవ్వు ఆగిపోయింది.

ముందు ఒక పని చెయ్యి. మామయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకో. కుడికన్ను మూసుకుని ఎడమకంటితో ఆయన ముక్కే చూస్తూ ఉండు. ఆయన చెయ్యి చాపి, నీ చెవి పక్కనుంచి వేళ్ళు ఆడిస్తూ మెల్లగా ముందుకి తేవాలి. వేళ్ళు ఎక్కడ కనపడ్డాయో గుర్తుపెట్టుకో. తర్వాత రెండోకన్ను. రెండు కళ్ళకీ చెవుల వైపే చీకటి ఉంటే అది కళ్ళద్దాలతో పోయేది కాదు.

నేను వైద్యం చేసేదాన్ని కాదు, నీకు తెలుసు. మెడికల్ కాలేజీలో పిల్లలకి శరీరం లోపల ఏది ఎక్కడుందో చూపించే డెమాన్‌స్ట్రేటర్‌ని. కానీ ఒకటి చెప్పగలను. రెండు కళ్ళ నరాలూ మెదడు అడుగున ఒకచోట కలిసి, సగం సగం అటూ ఇటూ దాటుకుంటాయి. నీ భాషలో చెప్పాలంటే అదో కూడలి. దాన్ని ఏదైనా కిందనుంచి నొక్కితే రెండు పక్కలా చూపు పోతుంది. స్కాన్ చేయించుకో.

ఆ స్కాన్ అయ్యేదాకా బస్సు ఎక్కకు. పదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను నీ ఇంటికి తెచ్చుకుని పెంచినదానివి. నా మాట ఒక్కటి విను.

నీ చిట్టెలుక

*

ఫిబ్రవరి 5

చిట్టెలుకకి,

వేళ్ళాట ఆడాం. మీ మామయ్య చెయ్యి నా ముక్కు దాకా వచ్చేవరకూ నాకు కనపడలేదు. ఆయన ముఖం పాలిపోయింది. నేనే నీళ్ళిచ్చాను.

కళ్ళ ఆసుపత్రిలో గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మెరవడం లేదేంటని రెండుసార్లు అడిగాను. మెరుస్తూనే ఉందట. తర్వాత స్కాన్. నువ్వన్నదే. పిట్యూటరీ అనే గ్రంథి ఉందట, శనగగింజంత. దాని తొడిమ పక్కన ద్రాక్షపండంత గడ్డ. క్యాన్సర్ కాదట. గింజకంటే గడ్డే పెద్దదైతే ఇంక అది ఎవరి ఇల్లు?

ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. ముక్కులోంచి వెళ్ళి తీస్తారట. ఏప్రిల్లో తేదీ ఇచ్చారు.

అప్పటిదాకా నేను బండి నడుపుతాను. అరవకు. తల అటూ ఇటూ బాగా తిప్పి చూస్తున్నాను. మా కండక్టరు ఎడమవైపు చూసి చెబుతోంది, పద్నాలుగేళ్ళుగా నాతో తిరుగుతున్న మనిషి. ఆ డిపోలో ఆడది స్టీరింగు పట్టుకుంటుందా అని నవ్విన వాళ్ళందరూ రిటైరైపోయారు, నేనున్నాను. నా అంతట నేను దిగాలి గానీ నన్ను ఎవరూ దింపకూడదు. ఈ సంగతి నీకూ నాకూ మీ మామయ్యకీ కండక్టరుకీ తప్ప ఎవరికీ తెలీదు. తెలియకూడదు కూడా. నా మీద ఒట్టు.

మీ అత్త

*

ఫిబ్రవరి 13

అత్తా,

ఒట్లు వెయ్యకు. నేను ఒప్పుకోలేదు.

గడ్డ గురించి మాత్రం ఒక ముఖ్యమైన మాట. నాలుగేళ్ళుగా నేను బేస్‌మెంటులో ఏం చేస్తున్నానని నువ్వు ఎన్నిసార్లో అడిగావు, నేను దాటేశాను. ఇప్పుడు చెబుతాను. గ్రంథికి రెండు పక్కలా మెదడుకి వెళ్ళే పెద్ద నాళాలుంటాయి. వాటి లోపలి గోడలోంచి వెంట్రుకంత సన్నటి నాళాలు పుడతాయి, ఒక్కో పక్కన రెండో మూడో. కొన్ని తొడిమకి వెళ్తాయి. కొన్ని పైకి తిరిగి నేను చెప్పిన కూడలి అడుగుభాగానికి రక్తం ఇస్తాయి. శరీరదానం చేసినవాళ్ళ తలల్లోకి ఎర్రరంగు కలిపిన రబ్బరుపాలు ఎక్కించి, గట్టిపడ్డాక మైక్రోస్కోపు కింద ఒక్కో నాళాన్నీ బయటికి తీసి బొమ్మ గీస్తాను. ఇప్పటికి నలభై ఒకటి గీశాను.

ఎక్కువమందిలో రెండు పక్కల నాళాలూ తొడిమ చుట్టూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఒక పక్కది తెగినా రెండోది ఆదుకుంటుంది. ఆరుగురిలో మాత్రం కలవలేదు. అలాంటివాళ్ళకి ఆ వెంట్రుక తెగితే, గడ్డ పోయినా చూపు రాకపోవచ్చు, ఉన్నదీ పోవచ్చు. నీది ఏ రకమో స్కాన్‌లో కనపడదు. ఎవరికీ తెలీదు. అందుకే అవి తెగకుండా గడ్డ తీస్తారా అని పెద్ద డాక్టరుని అడుగు.

బస్సు దిగు అత్తా. నీ వెనక నలభైమంది కూర్చుంటారు. కూడలిలో నీకు రెండు పక్కలా ఎవరూ కనపడరు.

చిట్టెలుక

*

మార్చి 2

చిట్టెలుకకి,

నన్ను దింపేశారు.

పొద్దున డ్యూటీకి వెళ్తే మేనేజరు లోపలికి పిలిచి, "మీ చూపు గురించి మాకు ఉత్తరం వచ్చిందమ్మా. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా బండి ఇవ్వలేను" అన్నాడు. ఎవరు రాశారని అడిగాను. చెప్పలేదు. చెప్పాలా? నాకు తెలీదా? ఎడమవైపు చూసి చెప్పే మనిషి ఒక్కర్తేగా ఉంది. క్యాంటీన్‌లో అందరి ముందూ, "పద్నాలుగేళ్ళు నా పక్కన నిలబడింది నన్ను కింద పడెయ్యడానికా?" అన్నాను.  టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. తప్పు చేసినవాళ్ళు అలాగే వెళ్తారు.

పెద్ద డాక్టరుని కూడా కలిశాను. నీ వెంట్రుకల సంగతి అడిగాను. "అవి చిన్న చిన్న కొమ్మలమ్మా. చాలామందికి కోశాను, బానే చూస్తున్నారు. ముక్క మిగిలితే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. మొత్తం తీసెయ్యడం ముఖ్యం" అన్నాడు. నువ్వేమో తెగితే చూపు పోతుందని రాశావు. నువ్వు నన్ను భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడానికి రాశావా, నిజంగానే రాశావా?

మీ అత్త

*

మార్చి 9

అత్తా,

మేనేజరుకి రాసింది నేను. కండక్టరు ఆంటీ కాదు.

ఫిబ్రవరి 22న రాశాను, సంతకం పెట్టి. నీకు ముందు చెబితే నువ్వు నన్ను మాటల్తో లొంగదీస్తావని చెప్పలేదు. అది పిరికితనమే. రాసినందుకు మాత్రం తప్పైందని అనను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ రాస్తాను. ఆవిడకి క్షమాపణ చెప్పు, నన్ను ఏమన్నా అనుకో.

నాళాల గురించి నిన్ను భయపెట్టలేదు. తెగితే చూపు పోతుందని నేను రాయలేదు, పోవచ్చు అని రాశాను. పెద్ద డాక్టరు అన్నదీ అబద్ధం కాదు. ఆయన కోసినవాళ్ళలో ఎక్కువమందికి రెండో పక్కనుంచి రక్తం అంది ఉంటుంది. అందనివాళ్ళు ఆయన దగ్గరికి తిరిగి రాకపోయి ఉండొచ్చు.

ఈ ఉత్తరంతో నా బొమ్మ ఒకటి పెడుతున్నాను. ఎర్రగీతలు కాపాడాల్సినవి. చుక్కల గీత, గ్రంథి మీది పొరకి దిగే కొమ్మ. అది పోయినా పెద్ద నష్టం లేదు. మా డిపార్ట్‌మెంటు పెద్దాయన, "వెంట్రుకలు గీయడానికి నాలుగేళ్ళా?" అని ఈ బొమ్మని వెనక్కి విసిరేశాడు. నేను గీయడం ఆపలేదు. ఇది ఆయన్ని అడక్కుండానే పంపుతున్నాను.

చిట్టెలుక

*

మార్చి 16

ఉత్తరం అందింది. ఆపరేషన్‌కి నువ్వు రావద్దు. నాకు కనపడకు.

*

ఏప్రిల్ 3

డెమాన్‌స్ట్రేటరుగారికి,

నమస్కారం. తమరి బొమ్మ అందింది. మీ మీద ప్రేమ పుట్టుకొచ్చి రాస్తున్నానని అనుకోకండి. బొమ్మ గీసినవాళ్ళకి దాని సంగతి తెలియజెయ్యడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

మీ బొమ్మ పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక చూపు చూసి పక్కన పెట్టాడు. "ఆపరేషన్ చేసేది నేనమ్మా. స్టీరింగు నా చేతిలో ఉన్నప్పుడు పక్కనుంచి దారి చెప్పకూడదు" అన్నాడు. నేను బస్సు డ్రైవర్నని ఫైల్లో చూసి అన్నాడేమో, తనే నవ్వుకున్నాడు.

"మీరు డ్రైవరే డాక్టరుగారూ, కాదనను. బండి మాత్రం నాది" అన్నాను.

నవ్వు ఆపేశాడు.

"గడ్డ కొంచెం మిగిలితే మళ్ళీ పెరుగుతుంది. మళ్ళీ ఆపరేషన్ అవుతుంది, తెలుసా?" అన్నాడు.

"పెరగనివ్వండి. అప్పుడు మళ్ళీ వస్తాను, మీరూ నేనూ ఇక్కడే ఉంటాం. చూపు పోతే దాన్ని మళ్ళీ తేగలరా? ఆ ఎర్రగీతలకి అంటుకున్న ముక్క ఉంటే అక్కడే వదిలెయ్యండి. రాసి సంతకం పెడతాను. కుదరదంటే చెప్పండి, ఈ ఊళ్ళో ఇంకో ఇద్దరున్నారట."

 మీ మామయ్య నా చీర కొంగు పట్టుకుని లాగుతున్నాడు, లేచి వెళ్దామని. అప్పుడు డాక్టరు బొమ్మ మళ్ళీ దగ్గరికి తీసుకుని, "ఎవరు గీశారిది?" అన్నాడు. మా తమ్ముడి కూతురని చెప్పాను. మీ ఫోను నంబరు రాసుకున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు.

కండక్టరు ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది గానీ కూర్చోమనలేదు. గుమ్మంలో నిలబడే తప్పైపోయిందని చెప్పాను. ఆ పుణ్యం మీదే.

ఇట్లు,
మీ తండ్రిగారి అక్క

*

ఏప్రిల్ 10

అత్తా,

"మీరు" అన్న మాట చదివినప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుంది. అందుకే రాశావని తెలుసు. బాగా తగిలింది.

నువ్వు కనపడొద్దన్నావు. కనపడను.

చిట్టెలుక

*

ఏప్రిల్ 30

నువ్వు నిజంగానే రాలేదు.

ఆపరేషన్ అయి తొమ్మిది రోజులైంది. రావద్దంటే మానేస్తావా? చిన్నప్పుడు అన్నం వద్దంటే నేను మానేశానా? స్పృహ వచ్చేసరికి మీ మామయ్య ఉన్నాడు, మీ నాన్న ఏడుస్తూ ఉన్నాడు, గుమ్మం దగ్గర కండక్టరు కూడా ఉంది. నిన్ను మాత్రం వెతుక్కున్నాను. చూపు లేదేమో అందుకే కనపడలేదనుకున్నాను. తర్వాత అర్థమైంది.

నాలుగు రోజులు దాహం వేసి బిందెలు బిందెలు తాగాను. తాగింది తాగినట్టు బయటికి పోయింది. తొడిమని కదిపితే అలాగే అవుతుందట, మందిస్తే తగ్గింది. గడ్డ మొత్తం తీశారా అంటే ఇక్కడి నర్సులు "డాక్టరుగారు చెబుతారు" అంటారు. ఆయనేమో, "మీరన్నట్టే చేశాను" అని వెళ్ళిపోయాడు. నేనన్నట్టు అంటే ఏంటో, ఎంత మిగిలిందో ఎవరూ చెప్పరు. కుడివైపు తలుపు, తలుపు పక్క కిటికీ, కిటికీ మీద పావురం కనపడుతున్నాయి. ఎడమ పక్క ఇంకా మసక.

నీకెందుకు రాస్తున్నానో నాకే తెలీదు.

అత్త

*

మే 6

అత్తా,

కనపడనన్నాను. రానని అనలేదు.

పెద్ద డాక్టరు ఏప్రిల్ 8నే ఫోను చేశారు. "మీ అత్తగారు నాతో పోట్లాడి గెలిచారు. ఆ గీతల్లో ఏది ఏదో పక్కన నిలబడి చెప్పగలరా?" అన్నారు. నేను నీకు కనపడకూడదు కాబట్టి, నీకు మత్తు ఇచ్చాక లోపలికి వచ్చాను. ఆరుగంటలు గోడకి ఆనుకుని తెర చూస్తూ నిలబడ్డాను. నీకు మెలకువ రాకముందే రైలెక్కేశాను. కండక్టరు ఆంటీ నన్ను బయట చూసింది, నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. మళ్ళీ ఆవిడ మీద అరవకు.

ఏం జరిగిందో నీకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నీ తల, నీకు తెలియాలి.

ముక్కులోంచి సన్నటి కెమెరా వెళ్ళింది. ఎముక తీశాక మొదట కనపడినవి నా నాళాలే. ఎడమ పక్కన రెండు, కుడి పక్కన మూడు. గడ్డ మీద సాగదీసినట్టు పరుచుకుని ఉన్నాయి. వాటి పైన తెల్లటి రిబ్బనులా నరాల కూడలి పైకి ఉబ్బి ఉంది. అత్తా, నలభై ఒక్క తలల్లో నేను చూసిన నాళాలన్నీ రబ్బరుతో బిగిసిపోయినవి. నీవి కదులుతున్నాయి. పక్కనున్న పెద్దనాళం కొట్టుకున్నప్పుడల్లా ఇవీ కదులుతున్నాయి.  ఎవరో స్టూలు జరిపారు, కూర్చోలేదు.

"ఇదేది?" అన్నారాయన.

"కూడలి కిందకి వెళ్ళేది. ముట్టుకోకండి."

"ఇది?"

"గ్రంథి మీది పొరకి. అది పోయినా ఫరవాలేదు."

దాన్ని కోశారు. దారి దొరికింది. కుడివైపు గడ్డ తేలిగ్గా వచ్చేసింది. ఎడమవైపు మాత్రం నాళానికి అంటుకుపోయింది. ఆయన మెల్లగా లాగారు. నాళం పాలిపోయి దారంలా సన్నబడింది.  ఆయనకి దాన్ని వదిలెయ్యడం ఇష్టం లేదని చేతులు చూస్తేనే తెలుస్తోంది. "మా అత్త ఏం సంతకం పెట్టిందో మీకు తెలుసు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన పనిముట్టు వెనక్కి తీసి, నాళం మీద మందు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు పోయించారు. పది నిమిషాలకి మళ్ళీ ఎర్రబడింది, పూర్తిగా కాదు. వడ్లగింజంత ముక్క అక్కడే వదిలేశారు. నీ ఎడమ పక్క మసక ఆ నాళం సాగినందువల్లే కావచ్చు.

నా బొమ్మ వల్లే నీ చూపు దక్కిందని నేను చెప్పను. అన్నీ కోసేసినా దక్కి ఉండేదేమో. నీది ఏ రకమో ఇప్పటికీ నాకు తెలీదు.

సెలవు అడక్కుండా వెళ్ళినందుకు మా పెద్దాయన మెమో ఇచ్చాడు. జవాబు రాయమన్నాడు. "నాళాలు కదలడం చూడటానికి వెళ్ళాను" అని రాసిచ్చాను.

చిట్టెలుక

*

ఆగస్టు 21

చిట్టెలుకకి,

నీ ఉత్తరం దాచుకుని మూడు నెలలుగా జవాబు రాయలేదు. ఏం తేలుతుందో చూసి రాద్దామనుకున్నాను. పది రోజుల కిందట తేలింది.

గిన్నె యంత్రంలో మళ్ళీ తల పెట్టాను. కుడికన్ను పూర్తిగా వచ్చేసింది. ఎడమకంటికి బయటివైపు పైమూల లేదు, ఇంక రాదు. మిగిలిన ముక్క మిగిలినట్టే ఉంది, పెరగలేదు. ఏడాదికోసారి స్కాన్. ఎప్పుడు పెరిగితే అప్పుడు దాని సంగతి చూస్తాను, ఈలోగా దానికి నా మీద పెత్తనం ఇవ్వను.

బస్సు మాత్రం ఇవ్వరట. ఆ మూల లేనిదే లైసెన్సు లేదు. నేను గొడవ పడతానని మేనేజరు బల్ల వెనక బిగుసుకుని కూర్చున్నాడు. గొడవ పడలేదు. ఎందుకో నీకు చెప్పాలి, మీ మామయ్యకి కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖున, మార్కెట్ మలుపులో, ఒకావిడ సంచీ పట్టుకుని ఎడమవైపునుంచి రోడ్డు మీదికి దిగింది. నేను చూడలేదు. కండక్టరు గొంతు చించుకుని అరిచింది. బ్రేకు మీద నిలబడ్డాను. సంచీ చక్రం కింద పడింది, ఆవిడ పడలేదు. ఒక్క అడుగులో తప్పింది. ఆవిడ నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. కండక్టరు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. మరునాడు నేను మళ్ళీ బండి ఎక్కాను. అంత జరిగాక కూడా ఎక్కాను. నువ్వు మేనేజరుకి రాసింది దానికి రెండు రోజుల తర్వాత. నీకు ఆ సంగతి తెలీకుండానే రాశావు.

ఆ కండక్టరునే అందరి ముందూ కడిగేశాను నేను. క్యాంటీన్‌లో అన్న మాటని క్యాంటీన్‌లోనే వెనక్కి తీసుకున్నాను. మాట్లాడుతోంది. కానీ "మీరు" అంటోంది. నాకు తగిందే.

మేనేజరు, ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్ల గదిలో నాకు కుర్చీ చూపించాడు. మర్చిపోయిన గొడుగుల మధ్య కూర్చోవడానికి నేనింకా మర్చిపోయిన సామాను కాలేదన్నాను. కొత్త డ్రైవర్లకి నేర్పే మైదానం కావాలన్నాను. "చూపు తక్కువైనవాళ్ళు నేర్పుతారా అమ్మా?" అన్నాడు. "మీ డ్రైవర్లలో ఎంతమంది తల తిప్పి చూస్తున్నారో గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టండి, తర్వాత అడగండి" అన్నాను. ఆరు నెలలు చూద్దామన్నాడు. మొన్న సోమవారం మొదలుపెట్టాను. పదకొండుమంది, అందులో నలుగురు ఆడపిల్లలు. అద్దాలకి గుడ్డలు కట్టేసి, అద్దం లేకుండా కూడలి దాటమన్నాను. నా నోటికి జడిసి ఒకమ్మాయి ఏడ్చింది. ఏడుస్తూనే దాటింది.

నీ పెద్దాయనతో నీ గొడవ నువ్వు పడు, నేను మధ్యలోకి రాను. వెనక్కి తగ్గావని తెలిస్తే మాత్రం వస్తాను.

ఇంకొకటి. ఆ ఉత్తరం రాసినందుకు నిన్నింకా క్షమించలేదు. రాయకపోయి ఉంటే ఎప్పటికీ క్షమించేదాన్నే కాదు. ఆదివారం బయలుదేరి రా. ఈ రెండు మాటలూ ముఖం మీద అంటేగానీ నాకు తృప్తి లేదు. ఎడమవైపు నిలబడకు, కుడివైపునుంచి రా. నువ్వెలా ఉన్నావో సరిగ్గా చూడాలి.

మీ అత్త